రాయగడలో వార్తల పని మీద దిగేవాళ్లకు ఒక లాడ్జి

ఒడిశాలోని రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనానికి పిల్లాపాపలతో వచ్చేవాళ్లకు ఈ లాడ్జిని నేను సిఫారసు చేయను. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి. పరుపులు పలచన. కిటికీ తెరలు ఉతికి ఎన్నాళ్లయిందో, గోడ రంగులో కలిసిపోయాయి. ఆన్‌లైన్‌లో దీనికి పడిన స్టార్లు తక్కువే, తిట్టినవాళ్లు రాసినదానిలో అబద్ధమూ లేదు. కానీ వాళ్లలో ఎవరూ అర్ధరాత్రి వార్త పంపాల్సిన పని మీద అక్కడ దిగినవాళ్లు కారు. నేను ఆ పని మీదే దిగేదాన్ని. పుట్టింది ఒడిశా వైపు గుణుపూర్‌లో, చదివింది ఆంధ్ర వైపు పార్వతీపురంలో. ఒడియా వచ్చు కదా అని తెలుగు వార్తా చానళ్లు సరిహద్దు మొత్తం నా నెత్తిన పెట్టాయి. విజయనగరం కేంద్రంగా పనిచేసినన్నాళ్లూ ఒడిశా వైపు ఏం జరిగినా నా బస ఇదే. ఉద్యోగం మానేశాక ఈ మధ్య బంధువుల పెళ్లికి వెళ్లి, మొదటిసారి పని లేకుండా, ఒక్కదాన్నే అక్కడ బస చేశాను. తీరిగ్గా రాయడానికి ఇప్పుడు కుదిరింది.

లాడ్జి పేరు రాయవద్దని యజమాని భార్య ముందే మాట తీసుకున్నారు. "పేరు రాస్తే ఇంకా పెళ్లిళ్లవాళ్లు వస్తారమ్మా, నావల్ల కాదు" అన్నారు. గుర్తు మాత్రం చెబుతాను. రైల్వే స్టేషను నుంచి సామాను మోసుకుని నడవగలిగిన దూరం. ఆటోవాడితో బేరమాడే పని లేదు. కింద మందుల దుకాణం, పక్కన పండ్ల బండ్లు, మెట్ల మొదట్లో ఎప్పుడూ ఎవరివో చెప్పులు. కౌంటరు దగ్గర తెలుగు, ఒడియా, హిందీ మూడూ నడుస్తాయి. యజమాని మనల్ని తెలుగులో పలకరించి, పనివాడిని ఒడియాలో కేకేసి, ఫోనులో రాయ్‌పూర్ వ్యాపారితో హిందీలో వాదిస్తుంటారు. మూడూ ఒకే ఊపిరిలో.

ఆడ విలేకరి గదిలోకి వెళ్లగానే ముందు చూసేది మంచం కాదు, తలుపు గడియ. ఈటీవీ2 2003 డిసెంబరులో, టీవీ9 2004లో వచ్చాక తెలుగులో రోజంతా వార్తలు మొదలయ్యాయి, జిల్లాల్లో విలేకరుల ఉద్యోగాలూ పెరిగాయి. నేను చేరిన రోజుల్లో మైకు పట్టుకుని ఊళ్లు తిరిగే అమ్మాయి అంటే ఈ ప్రాంతంలో వింతే. కొన్ని లాడ్జిల్లో "వెంట మగవాళ్లెవరూ లేరా?" అని అడిగేవారు. కెమెరామన్ ఉన్నాడంటే ఆయన ఏమవుతారని అడిగేవారు. ఏమీ కాడంటే గదులు ఖాళీ లేవనేవారు. ఇక్కడ యజమాని నా గుర్తింపు కార్డు చూసి, రిజిస్టరులో రాసుకుని, "రాత్రి భోజనం ఉంచమంటారా?" అని మాత్రం అడిగారు. తలుపుకు లోపల రెండు గడియలు, పైనొకటి, కిందొకటి. బాత్రూము కిటికీకి జాలీ, దాని మీద గరుకు అద్దం. ఇప్పటికీ అంతే, మొన్న కూడా రెండు గడియలూ వేసి చూశాను. తుప్పు పట్టకుండా నూనె రాసి ఉన్నాయి. తెరలు ఉతకని మనిషి గడియకు నూనె రాయించడం ఆయన స్వభావానికి తగినట్టే ఉంది. ఆయన లెక్కలో ఏది ముఖ్యమో మనకు తెలిసిపోతుంది.

అడగాల్సింది పైఅంతస్తు చివరి గది. ఆ గదిలో బల్ల వెంట గోడకు పొడవాటి ప్లగ్గుల బోర్డు ఉంది. ఇది లాడ్జివాళ్ల మొదటి ఆలోచన కాదు. మా కెమెరామన్ కెమెరా బ్యాటరీలు, లైటు బ్యాటరీ, ఫోన్లు, లాప్‌టాప్ అన్నింటికీ చోటు చాలక వరండాలో ఫ్రిజ్ ప్లగ్గు పీకేసేవాడు. పాలు విరిగిపోయాయని వంటావిడ ఒంటికాలి మీద లేచింది. ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు బిగించాడు. వరసగా సాకెట్లు, ఒక్కోదానికి విడి స్విచ్చి, లావుపాటి చార్జర్లు ఒకదానికొకటి తగలకుండా మధ్య ఎడం. పెద్ద పెద్ద హోటళ్లలో ఉన్నాను, ఇంత బుద్ధిగా బిగించిన బోర్డు ఇంకెక్కడా చూడలేదు.

కరెంటు పోతే జనరేటరు ఉంది. దాని విలువ నాకు 2018 అక్టోబరులో తెలిసింది. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసి, గజపతి, గంజాం, రాయగడ జిల్లాల మీద వానై పడింది. గజపతి జిల్లా బరాఘరాలో కొండచరియలు విరిగి పదిమందికి పైగా చనిపోయారు. వంశధార పొంగి గుణుపూర్ నీళ్లలో మునిగింది. నా చిన్నప్పటి ఊరు మునిగితే నేనే వెళ్లి దాని ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. అలా తడిసి ముద్దయి వచ్చిన రోజుల్లో ఈ లాడ్జివాళ్లు మా బట్టలను వంటింట్లో పొయ్యి పైన తాడు కట్టి ఆరవేశారు. జనరేటరు రాత్రంతా నడిపారు, డీజిలు డబ్బు విడిగా అడగలేదు. విలేకరులు ఒక ఊరి మీద పడితే గది అద్దెలు చెట్టెక్కి కూర్చుంటాయి. 2011 ఫిబ్రవరిలో మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయి ఎనిమిది రోజులు ఉంచినప్పుడు ఆ దారిలో ఒకచోట ఒక రాత్రి గదికి ఏమడిగారో చెబితే నమ్మరు. ఇక్కడ మామూలు రోజుకూ, దేశమంతా మైకులు పట్టుకుని దిగిన రోజుకూ ఒకటే అద్దె.

ఇక వెనక పెరడు. అప్పట్లో మా వాళ్లలో ఈ లాడ్జికి ఇంత పేరు రావడానికి అసలు కారణం ఆ పెరడే. లైవ్ ప్రసారానికి వాడే ఓబీ వ్యాను పైనుండే డిష్‌ను భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహానికి గురిపెట్టాలి. మన దేశంలో ఎక్కడ నిలబడినా దాని చూపు దక్షిణం వైపే. మన ఉపగ్రహాల్లో కొన్ని 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటాయి, రాయగడ కూడా దాదాపు ఆ రేఖాంశం మీదే ఉంది. అందుకని ఇక్కడ డిష్‌ను సూటిగా దక్షిణానికి తిప్పి బాగా పైకి ఎత్తాలి. చుట్టూ ఇన్ని కొండలున్నా అవేవీ అడ్డం రావు. అడ్డం వచ్చేవల్లా నెత్తిమీది కొమ్మలు, పక్క మేడ మీది నీళ్ల ట్యాంకులు. ఈ పెరట్లో ఉన్న ఒక్క పనసచెట్టూ ఉత్తరం గోడ దగ్గర ఉంది. దక్షిణం వైపు అప్పుడు అంతా ఆకాశమే. వ్యాను ఇంజినీరు మొదటిసారి చూసి, ఎవరో తెలిసినవాళ్లే కట్టించినట్టున్నారే అని మురిసిపోయాడు. జడివానలో వ్యాను వాడే కేయూ బ్యాండు తరంగాల సిగ్నలు నిలవదు, దానికి పెరడు ఏమీ చేయలేదు. మిగతా రోజుల్లో మాత్రం పళ్లు తోముకుంటూ దిగి వచ్చి లైవ్‌కు నిలబడిన ఉదయాలున్నాయి. ప్రశ్న చెవికి చేరడానికీ, మన జవాబు స్టూడియోకు చేరడానికీ మధ్య పడే ఆలస్యం వల్ల విలేకరి ఒక క్షణం గుడ్లప్పగించి నిలబడతాడు కదా, వంటింటి కిటికీలోంచి ఆ క్షణం చూసి వంటావిడ పగలబడి నవ్వేది.

వ్యాన్లకు ముందు టేపులు. ఆ చిన్న డీవీ టేపులో గంట దృశ్యాలు పడతాయి. కవరులో పెట్టి, పైన ఆఫీసు ఫోను నంబరు రాసి, విజయనగరం వెళ్లే బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. లాడ్జి కుర్రాడు బస్టాండుకు సైకిలు మీద పరుగెత్తేవాడు. ఏ డ్రైవరు మాట మీద నిలబడతాడో, ఎవరు కవరు సీటు కింద పడేసి మరిచిపోతారో వాడికి కంఠతా వచ్చు. ఆ తరువాత ఇంటర్నెట్ సెంటర్లు, డేటా కార్డులు. ఒక నిమిషం దృశ్యం పంపడానికి అరగంట. ఆంధ్ర సిమ్ సరిహద్దు దాటగానే రోమింగు. యజమాని బ్రాడ్‌బ్యాండు పెట్టించింది మా పోరు పడలేకే. ఇప్పుడు నాలుగైదు సిమ్ములు కలిపి పంపే లైవ్ కిట్టు వీపున వేసుకుంటే చాలు, అది కూడా లేకపోతే ఫోను. కెమెరా, ఎడిటింగు, మాట అన్నీ ఒక్కరే చూసుకోవాలి. చానల్‌కు ఖర్చు తగ్గింది, విలేకరికి తోడు తగ్గింది. నేను మానేయడానికి ఉన్న కారణాల్లో అదొకటి. మిగతావి లాడ్జి సమీక్షలో రాసేవి కావు.

ఏ హోటలు కరపత్రంలోనూ కనిపించని సేవ ఒకటి ఇక్కడ దొరికింది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు ప్రకారం నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి 12 ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. ఏడు రాయగడ జిల్లాలో, అయిదు కలహండిలో. జూలై 18న సెరకపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. పన్నెండూ వద్దనే అన్నాయి. వర్షాకాలం, బురద దారులు, జిల్లా జడ్జీల పర్యవేక్షణ, కొండంత పోలీసు బందోబస్తు. ఆ కొండ ఆదివాసులు డోంగ్రియా కోంధులు కువి భాషలో మాట్లాడితే మా బృందంలో ఎవరికీ అర్థం కాదు. లాడ్జిలో బిస్సంకటక్ వైపు నుంచి వచ్చిన వంటాయన ఒకరుండేవారు, ఆయనకు కువి వచ్చు. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక చేతులు తుడుచుకుని వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చునేవారు. ఇయర్‌ఫోను పెట్టుకుని ఒక్కో బైట్, అంటే కెమెరా ముందు వాళ్లు చెప్పిన మాట ముక్క, రెండుసార్లు వినేవారు, ఆ తరువాతే నోరు తెరిచేవారు. అరనిమిషం మాటకు గంట పట్టేది. ఆఫీసులో వార్తలు కూర్చే డెస్క్ నుంచి తొందరపెడుతున్నారని నేనంటే లేచి వెళ్లి బియ్యం ఏరుకునేవారు. కోపం తగ్గాక మళ్లీ వచ్చేవారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, ఒక టార్చిలైటు కొనిపెడితే తీసుకున్నారు. రాజధాని నుంచి వచ్చిన కొన్ని బృందాలు కొండ మీద దొరికినవాళ్లతో అరకొర అనువాదం చేయించుకుని వెళ్లిపోయాయి. మా తెలుగు బులెటిన్‌లో ఆ పెద్దవాళ్ల మాట సరిగ్గా వెళ్లిందంటే అది ఆ వంటాయన పుణ్యమే.

2017 జనవరి 21 రాత్రి నేను అక్కడే ఉన్నాను, వేరే వార్త పని మీద. సుమారు 11 గంటలకు జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్లే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడ దాటి కూనేరు స్టేషను దగ్గర పట్టాలు తప్పింది. మా డెస్క్‌కు తెలియక ముందే యజమాని తలుపు తట్టారు. కింద గదిలో దిగిన రైల్వే ఉద్యోగికి ఫోను వచ్చిందట. నేను కెమెరా బ్యాగు సర్దుకునే లోపల కారు మెట్ల ముందు నిలబడి ఉంది, సీటులో ఫ్లాస్కుతో టీ, ఒక దుప్పటి. 40 మంది దాకా చనిపోయిన ప్రమాదం అది. ఆ రాత్రి అక్కడ చూసినవన్నీ ఇక్కడ రాయను.

లాడ్జి గురించి చెప్పాల్సింది మర్నాటి సంగతి. తమవాళ్లను వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలకు యజమాని పైఅంతస్తు గదులు ఇచ్చారు, అద్దె తీసుకోలేదు. తరువాత మా అందరినీ కింద కూర్చోబెట్టి, "బాబూ, అమ్మా, మీరెప్పుడూ మా మనుషులే. ఈ రెండు రోజులు మాత్రం మెట్లెక్కి కెమెరా పైకి తీసుకురావద్దు" అన్నారు. ఒక చానల్ కుర్రాడు వాదానికి దిగాడు. పైన ఏడుస్తున్నవాళ్లు అందరికంటే ముందు తనకే దొరకాలని ఆఫీసు నుంచి ఒత్తిడి. యజమాని గొంతు పెంచకుండా ఆ కుర్రాడి గది తాళం అడిగి తీసుకున్నారు. నా డెస్క్ కూడా ఆ బైట్లు ఎందుకు రాలేదని నిలదీసింది. లాడ్జి నియమం అని చెప్పాను. అంతటితో నోరు మూయించగలిగే నియమం మా ఆఫీసులోనే ఉంటే ఎంత బాగుండేదో.

తిండి సంగతికి వస్తే, పొద్దున ఇడ్లీ, బరా అనే మినప గారెలు, ఘుగుని అనే బఠానీ కూర. ఇడ్లీలోకి చట్నీ అడిగితే ఇస్తారు గానీ ఘుగునితో తినడం నేర్చుకుంటే మంచిది. ఎండాకాలం పఖాళ అనే చద్దన్నం, వేపుడు బంగాళాదుంప. పొద్దున్నే కొండల్లోకి వెళ్లేవాళ్లకు చెప్పి ఉంచితే సీసాలో చోడి అంబలి పోసి ఇస్తారు. మధ్యాహ్నం వరకు ఆకలి వేయదు. రాత్రి ఏ వేళ వచ్చినా అన్నం, పప్పు, వేడిగా ఒక ఆమ్లెట్టు ఉంటాయి. చికెన్ కూర మాత్రం వద్దు, మసాలా ఎక్కువ, ముక్క తక్కువ. కాఫీ తాగకండి, టీ తాగండి.

భోజనాల హాలులో టీవీ రోజంతా మోగుతుంది. రిమోటు కోసం ఒడియా చానల్ వాళ్లకూ తెలుగు చానల్ వాళ్లకూ రోజూ రగడే. యజమాని భార్య హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో వార్తలంటే శాంతిస్వరూప్ గారు చదివినవే. దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తొలి తెలుగు బులెటిన్ చదివింది ఆయన. ప్రాంప్టరు లేని ఆ రోజుల్లో వార్తలను ముందే బట్టీపట్టి చదివేవారట. "మీరంతా అరుస్తారెందుకమ్మా? ఆయన ఒక్కరోజైనా అరిచారా?" అని నన్ను నిలదీసేవారు. కెమెరా ముందు నిలబడి చెప్పే నా పీటూసీలో నేను అరవనని చెబితే, "నువ్వు అరవకపోతే కింద ఆ ఎర్ర అక్షరాలు అరుస్తాయి" అనేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు హాలులో టీవీ ఆఫ్ చేయించారట. ఒడియా వాళ్లు కూడా ఏమీ అనలేదని మొన్న గర్వంగా చెప్పారు.

ఇప్పుడు ఫిర్యాదులు. కొడుకు చేతికి వ్యవహారం వచ్చాక పెరట్లో సగానికి రేకులు వేసి కల్యాణ మండపం చేశాడు. దక్షిణం వైపు సగమే. ఓబీ వ్యాన్లు రావడం తగ్గింది కదా అంటాడు, నిజమే కావచ్చు. కానీ ముహూర్తం ఉన్న రోజు పైఅంతస్తు కిటికీ అద్దాలు డీజే దెబ్బకు గడగడలాడతాయి. ఆ గదిలో వాయిస్ ఓవర్, అంటే దృశ్యాల వెనక వినిపించే మాట, చెప్పడం అసాధ్యం. రజాయి కప్పుకుని ప్రయత్నించిన ఒక యువ విలేకరిని మొన్ననే చూశాను, పాపం చెమటలు కక్కుతున్నాడు. ఇంతకంటే పెద్ద తప్పు, 24 గంటల చెక్‌అవుట్ ఎత్తేయడం. పొద్దున నాలుగింటికి దిగినా మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలి, లేదంటే రెండో రోజు అద్దె. రైలు దిగి వచ్చే విలేకరికి ఇది జేబు కోతే.

జేబు అంటే గుర్తొచ్చింది. జిల్లా స్ట్రింగర్లలో నెల జీతం ఉన్నవాళ్లు తక్కువ. వార్తకు ఇంత అని ఇస్తారు, కొందరికి అదీ నెలల తరబడి రాదు, గది అద్దె సొంత డబ్బే. పెద్దాయన ఇలాంటివాళ్లకు ఖాతా పెట్టారు. కౌంటరు సొరుగులో పొడవాటి పుస్తకం, చానల్ పేరు, మనిషి పేరు, బాకీ. కొన్ని చానళ్లు చేతులు మారాయి, కొన్ని మూతపడ్డాయి, కొందరు కుర్రాళ్లు రియల్ ఎస్టేట్‌లోకి పోయారు. బాకీలు మాత్రం కొట్టివేయకుండా అలాగే ఉన్నాయి. కొడుకు ఆ పుస్తకం మూసేసి యూపీఐ కోడ్ అంటించాడు. అతణ్ని తప్పు పట్టను, బాకీ పడ్డవాళ్లలో నాకు బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. అయితే జీఎస్టీ బిల్లు మాత్రం ఇప్పుడు చక్కగా ప్రింటు తీసి ఇస్తున్నాడు. చేతిరాత బిల్లును అకౌంట్స్ వాళ్లు తిప్పి పంపిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

కొత్తగా సరిహద్దు వార్తలకు వచ్చిన పిల్లలు ఎవరైనా చదువుతుంటే, ఫోను చేసి పైఅంతస్తు చివరి గది కావాలని అడగండి. విలేకరినని ముందే చెప్పండి. కొడుకు ఎత్తితే పెద్దాయనకు ఇమ్మనండి, 12 గంటల నియమం ఆయన దగ్గర కాస్త సడలుతుంది. స్నానానికి గీజరును నమ్ముకోకుండా కింద రాగి బాయిలరు దగ్గర బకెట్ పెట్టండి. ఆపైన పంచాంగం చూసుకోండి. మాఘంలో, వైశాఖంలో మండపం ఒక్కరోజు ఖాళీ ఉండదు. మూఢం నడుస్తున్నప్పుడైతే డీజే ఉండదు, గదులు ఖాళీ, కొడుకు కూడా అద్దె దగ్గర బేరానికి దిగుతాడు.